బిడ్డ వయసుకు తల్లి కాగితాలు

పిల్లల చేతిలోని సెల్‌ఫోన్ గురించి దిగులుపడని ముస్లిం ఇల్లు నేడు మా తిరువూరులో లేదు. షాబాన్ నెలలో ఒక జుమా నాడు, నమాజు ముగిశాక మస్జిద్ వరండాలో పదిహేను మందిమి కూర్చున్నప్పుడు మాట ఆ దిగులు మీదికే మళ్ళింది. 2026 జనవరిలో మన రాష్ట్ర విద్యా, ఐటీ శాఖల మంత్రి నారా లోకేష్ దావోస్‌లో ఒక ఇంటర్వ్యూ ఇస్తూ, పదహారేళ్ళ లోపు పిల్లలను సామాజిక మాధ్యమాలకు దూరంగా ఉంచే ఆస్ట్రేలియా చట్టాన్ని పరిశీలిస్తున్నామనీ, మనకూ గట్టి చట్టం అవసరమనీ చెప్పారు. ఆ వార్తను చూపుతూ కమిటీ సభ్యులొకరు ఒక తీర్మానం చదివారు. వయసును ధ్రువీకరించిన తర్వాతనే వెబ్‌సైట్లు, యాప్‌లు తెరుచుకునేలా చట్టం తేవాలని, దానికి మన సముదాయం సంపూర్ణ మద్దతు ఇస్తున్నదని అందులో ఉంది. అందరూ సంతకాలు పెట్టారు. కాగితం నా దగ్గరకు వచ్చేసరికి నేను పెట్టలేదు. “చాచా, మీ ఇంట్లో మనవళ్ళు లేరా?” అని ఒక యువకుడు కాస్త కోపంగానే అడిగాడు. ఉన్నారు. ఇద్దరు మనవరాళ్ళు కూడా ఉన్నారు. నేను సంతకం పెట్టకపోవడానికి వాళ్ళే కారణం. ఆ రోజు అసర్ వేళ అయిపోవడంతో సగంలో ఆగిన మాటను ఇక్కడ పూర్తిగా చెప్పదలచాను.

తీర్మానం రాసినవారి బాధ నిజమైనది. ఎనిమిదో తరగతి పిల్లవాడు రాత్రి రెండు గంటల దాకా రీల్స్ చూసి ఫజర్‌కు లేవలేకపోవడం మనం చూస్తున్నాం. పందెం యాప్‌లలో తండ్రి పంపిన డబ్బు పోగొట్టిన కుర్రవాళ్ళు ఉన్నారు. ఆడపిల్లల ఫొటోలు చేజిక్కించుకుని బెదిరించే నీచులున్నారు. హయా అనే మాటకు అర్థం తెలియకముందే పిల్లల కళ్ళ ముందు చూడరానివి వచ్చి పడుతున్నాయి. ఇవేవీ కల్పితం కావు. వీటిని అడ్డుకోవాలనే కోరికలో నాకు ఎవరితోనూ పేచీ లేదు. నా పేచీ అంతా ఆ తీర్మానంలోని ఒక్క మాటతో. ఆ మాట “ధ్రువీకరణ”.

బిడ్డ ఎవరో పెద్ద ఎవరో తెలుసుకోవాలంటే తలుపు దగ్గర నిలబడిన ప్రతి మనిషినీ అడగాలి. పిల్లలకు మాత్రమే పరీక్ష పెట్టి పెద్దలను వదిలేసే పద్ధతి లోకంలో లేదు, ఎందుకంటే పరీక్ష పెట్టేదాకా ఎవరు పిల్లలో తెలియదు. కనుక వయసు ధ్రువీకరణ అంటే మొదట పెద్దల ధ్రువీకరణ. మన దేశంలో అది ఏ రూపం తీసుకోబోతున్నదో దావోస్ ఇంటర్వ్యూలో వెతకనక్కరలేదు. పార్లమెంటు చేసిన చట్టం ఇప్పటికే ఉంది.

అది డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, 2023. ఆ సంవత్సరం ఆగస్టు 11న రాష్ట్రపతి ఆమోదం పొందింది. దాని నియమాలు 2025 నవంబరులో గెజిట్‌లో వచ్చాయి. పిల్లలకు సంబంధించిన నియమాలు అమలులోకి రావడానికి పద్దెనిమిది నెలల గడువు ఇచ్చారు, అంటే 2027 మే నెల. ఆ చట్టం లెక్కలో పద్దెనిమిదేళ్ళు నిండని ప్రతివారూ బిడ్డే. ఆ బిడ్డకు సంబంధించిన ఏ సమాచారాన్నైనా ఒక కంపెనీ తీసుకోవాలంటే ముందుగా తల్లి లేదా తండ్రి నుండి “ధ్రువీకరించదగిన సమ్మతి” పొందాలని 9వ సెక్షన్ చెబుతున్నది. ఉల్లంఘించిన కంపెనీకి 200 కోట్ల రూపాయల వరకు జరిమానా. సమ్మతి ఇచ్చే మనిషి ఎవరో, ఆమె వయసెంతో తేల్చడానికి నియమాలు చూపిన దారులు రెండు. ఆ కంపెనీ దగ్గర ఆమె గుర్తింపు, వయసు వివరాలు ముందే నమ్మకంగా ఉండాలి. లేదా ఆమె తన వివరాలను తానే ఇవ్వాలి, డిజిలాకర్ వంటి ప్రభుత్వం గుర్తించిన వ్యవస్థ నుండి వచ్చే టోకెన్ అయినా చూపాలి.

ఇక్కడ పాఠకులు ఒక్క నిమిషం ఆగి నియమం మాటలను గుమస్తా కళ్ళతో చదవాలి. సమ్మతి ఇస్తున్న వ్యక్తి “గుర్తించదగిన వయోజనురాలు” అని కంపెనీ నిర్ధారించుకోవాలట. ఆమె ఆ బిడ్డ కన్నతల్లేనా అని నిర్ధారించుకోవాలని ఎక్కడా లేదు. తాను తల్లినని ఆమె చెబితే చాలు. పైగా నియమాలలో ఇచ్చిన ఉదాహరణలు “నేను మైనరును” అని బిడ్డ తానే చెప్పడంతో గానీ, తాను తల్లినో తండ్రినో అని పెద్దవారు తామే చెప్పడంతో గానీ మొదలవుతాయి. చెప్పని బిడ్డ సంగతి ఏమిటి? అబద్ధమాడే పిల్లవాడికి తలుపు తెరిచే ఉంటుంది. నిజం చెప్పే పిల్ల ఆగిపోయి అమ్మ కాగితాల కోసం వెతుక్కుంటుంది. మాట వినే బిడ్డకు శిక్ష, వినని బిడ్డకు సెలవు.

అమ్మ దగ్గర కాగితం లేకపోతే, ఉన్నా ఓటీపీ వచ్చే ఫోన్ ఆమె చేతిలో లేకపోతే, ఆ పిల్ల ఎక్కడికి వెళ్తుంది? బస్టాండు పక్కన నెట్ సెంటర్‌కు వెళ్తుంది. అక్కడ కూర్చున్న అబ్బాయి పాతికేళ్ళ వయోజనుడు, ఆధార్ ఉన్నవాడు, డిజిలాకర్ తెలిసినవాడు. ముప్పై రూపాయలకు అతడే ఆమెకు చట్టం ఒప్పుకునే “తండ్రి” అవుతాడు. ఆమె ఖాతాకు తాళం చెవి అతని చేతికి వెళ్తుంది. ఆడపిల్లలను కాపాడుకోవడానికని తీర్మానం చేసినవారు ఈ దృశ్యాన్ని ఊహించుకోవాలని నా మనవి.

ఇదంతా ముసలివాని అనుమానం అనుకునేవారికి నా ఉద్యోగం గురించి రెండు మాటలు చెప్పక తప్పదు. రెవెన్యూ శాఖలో గుమాస్తాగా పనిచేసిన సంవత్సరాలలో నా బల్ల మీదికి వచ్చిన అర్జీలలో జనన నమోదు ఆలస్యమైనవి, పేరు సరిదిద్దమని కోరేవి లెక్కలేనన్ని. మన ఇళ్ళలో కాన్పులు చాలాకాలం ఇంట్లోనే జరిగాయి. పుట్టిన తేదీ అడిగితే “బక్రీదుకు ముందు”, “ఉప్పెన వచ్చిన ఏడాది” అనే తల్లులు ఉండేవారు. బడిలో చేర్చేటప్పుడు మాస్టారు తనకు తోచిన తేదీ వేసేవారు. ఒకే ఇంట్లో నలుగురు పిల్లలకు నాలుగు వేర్వేరు సంవత్సరాలలో జూన్ ఒకటో తేదీనే పుట్టినరోజు అయిన రిజిస్టరును నేను కళ్ళారా చూశాను. ఏడాది దాటిన జననాన్ని నమోదు చేయించాలంటే తహసీల్దారు విచారణ, ఆ పైన ఆర్డీఓ ఉత్తర్వు కావాలి. మాకు అప్పట్లో ఆర్డీఓ కార్యాలయం నూజివీడులో. కూలి మానుకుని నూజివీడు బస్సెక్కిన తండ్రి మూడుసార్లు తిరిగి నాలుగోసారి మానేసేవాడు.

తేదీ సంగతి అలా ఉంటే, పేరు మరో కథ. ఒక కాగితంలో షేక్, మరో కాగితంలో షైక్, ఇంకోదానిలో ఎస్.కె. మాత్రమే. పెళ్ళికి ముందు బీ, పెళ్ళి తర్వాత బేగం. రేషన్ కార్డు రాసినవాడు ఒక అక్షరం మింగేస్తే ఆధార్ రాసినవాడు రెండు అక్షరాలు కలుపుతాడు. మస్తాన్‌బీ అనే పేరు ఇంగ్లీషులో ఎన్ని విధాలుగా రాయవచ్చో లెక్కపెట్టే ఓపిక ఎవరికైనా ఉందా? కంప్యూటర్‌కు మాత్రం ఒక్క అక్షరం తేడా వస్తే ఇద్దరు మనుషులు.

ఈ మధ్య బళ్ళలో అపార్ గుర్తింపు సంఖ్య వచ్చినప్పుడు ఇదే అనుభవం మళ్ళీ ఎదురయింది. అపార్ ఐచ్ఛికమని కేంద్ర విద్యాశాఖ చెప్పింది. తల్లిదండ్రుల సమ్మతి పత్రం కూడా ఉంది. కానీ మా వాడలో ఆ పత్రం చదివి సంతకం పెట్టిన తల్లి నాకు కనిపించలేదు. “బడిలో అడిగారు భాయ్, పెట్టాను” అన్నారు. బడి రికార్డులో పేరుకూ ఆధార్‌లో పేరుకూ పొత్తు కుదరని పిల్లల తల్లిదండ్రులు ఆధార్ కేంద్రం దగ్గర వరుసలు కట్టారు. సమ్మతి అంటే మన దేశంలో ఆచరణలో ఇదీ అర్థం. రేపు ప్రతి యాప్‌కూ ఇలాంటి సమ్మతి అడిగినప్పుడు అది ఎంత చదివి ఇచ్చినదవుతుందో మీరే ఊహించవచ్చు.

పోనీ, ఈ ఆధార్ అయినా వయసుకు రుజువా? కాదు. ఆధార్ పుట్టిన తేదీకి రుజువు కాదని ఆ సంస్థే చెబుతున్నది. 2024 అక్టోబరులో ఒక రోడ్డు ప్రమాద పరిహారం కేసులో సుప్రీంకోర్టు కూడా మృతుని వయసు తేల్చడానికి ఆధార్‌ను కాక బడి ధ్రువపత్రాన్నే పరిగణించింది. చనిపోయినవాడి వయసు తేల్చడానికి పనికిరాని కార్డు బతికున్న పిల్ల చదువుకు తాళం వేయడానికి మాత్రం పనికి వస్తుందా?

సమ్మతి ఇవ్వవలసిన తల్లి ఎవరో కూడా చూద్దాం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు 21 శాతం, పురుషులు 48.8 శాతం. దేశం మొత్తం మీద స్త్రీలు 33.3 శాతం. ఆ తర్వాత ఫోన్లు పెరిగాయి, ఒప్పుకుంటాను. అయినా సాంకేతిక నగరమని చెప్పుకునే రాజధానులున్న తెలుగు నేలలో ప్రతి ఐదుగురు స్త్రీలలో నలుగురు నెట్ ముఖం చూడలేదన్న లెక్క వచ్చి ఎంతో కాలం కాలేదు. డిజిలాకర్ తెరిచి, టోకెన్ తెచ్చి, సమ్మతి నొక్కవలసింది ఈ తల్లే. ఆమె చేయలేదు. అప్పుడు నిర్ణయం తండ్రిది, లేదా అన్నది. అన్న “వద్దు” అంటే ఇంటర్ చదువుతున్న చెల్లెలికి పాఠం లేదు.

అన్న వద్దంటాడా అని అడుగుతారేమో. మా వీధిలో బట్టలు కుట్టుకుని బతికే ఒక తల్లి ఉన్నది. ఆమె కూతురు ఇంటర్ రెండో సంవత్సరం బైపీసీ. కోచింగ్‌కు విజయవాడ పంపే స్తోమత లేదు. యూట్యూబ్‌లో తెలుగు మాష్టార్ల పాఠాలు విని నీట్‌కు తయారవుతున్నది. ఇంట్లో ఉన్న ఒక్క ఫోన్ కోసం అన్నతో రోజూ గొడవే. “మీరు చెబితే వింటాడు భాయ్” అని ఆ తల్లి నా దగ్గరకు రెండుసార్లు వచ్చింది. చెప్పాను. ప్రస్తుతానికి విన్నాడు. రేపు “చట్టం కూడా వద్దంటున్నది” అనే మాట అతని నోటికి దొరికితే నా మాట చెల్లదు. పద్దెనిమిదేళ్ళ గీత అంటే ఇంటర్ అంతా, డిగ్రీ మొదటి సంవత్సరం కొంత ఆ గీతకు ఇవతలే. పదేళ్ళ పసివాడికీ పదిహేడేళ్ళ నీట్ విద్యార్థినికీ ఒకే తాళం వేసిన చట్టం ఇది. బడులకు, ఆసుపత్రులకు నియమాలలో కొన్ని మినహాయింపులు ఉన్నాయి. కానీ ఈ పిల్ల పాఠం వింటున్నది బడి పెట్టిన సైటులో కాదు.

ఈ సందర్భంలో ఫహీమా షిరిన్ కేసు మన ప్రతి ఇంటికీ తెలియాలి. కేరళలో కోజికోడ్ జిల్లా చేలన్నూరులోని ఒక కళాశాల హాస్టల్‌లో సాయంత్రం ఆరు నుండి రాత్రి పది దాకా ఆడపిల్లలు ఫోన్ వాడరాదని నియమం పెట్టారు. ఆ నియమాన్ని ఒప్పుకోని ఫహీమాను హాస్టల్ నుండి పంపించివేశారు. ఆమె హైకోర్టుకు వెళ్ళింది. 2019 సెప్టెంబరు 19న కేరళ హైకోర్టు, ఇంటర్నెట్ అందుబాటు విద్యాహక్కులోనూ ఆంతరంగికత హక్కులోనూ భాగమని తీర్పు చెప్పి ఆమెను తిరిగి చేర్చుకోమన్నది. దేశంలో ఈ హక్కును గెలిచి తెచ్చినది ఒక ముస్లిం ఆడపిల్ల. ఆమె తెచ్చిన హక్కును మన మస్జిద్ వరండాలో కూర్చుని మనమే వాపసు ఇచ్చేయడం న్యాయమా?

వయసు చట్టాలకు వెబ్‌సైట్లు ఎలా స్పందిస్తాయో బయటి దేశాలు ఇప్పటికే చూశాయి. బ్రిటన్‌లో 2025 జూలై 25 నుండి అశ్లీల దృశ్యాలున్న సైట్లు వయసును గట్టిగా పరిశీలించడం తప్పనిసరి అయింది. కొన్ని సైట్లు సెల్ఫీ అడిగాయి, కొన్ని గుర్తింపు కార్డు అడిగాయి. ఆ వారంలోనే, మనిషి ఏ దేశంలో ఉన్నాడో దాచిపెట్టే వీపీఎన్ యాప్‌లు అక్కడ డౌన్‌లోడ్ జాబితాల పైకి ఎక్కి కూర్చున్నాయి. అమెరికాలో లూసియానా మొదలు అనేక రాష్ట్రాలు ఇటువంటి చట్టాలు చేశాయి. పేరుమోసిన అశ్లీల సైటు ఒకటి వాటిలో చాలా రాష్ట్రాలకు తలుపు మూసుకుంది. ఆ సైటు మూతపడితే మనకు సంతోషమే, దాచవలసిన పని లేదు. కానీ 2025 ఆగస్టులో మిసిసిపి రాష్ట్రం ప్రతి వినియోగదారుని వయసూ పరిశీలించాలన్నప్పుడు బ్లూస్కై అనే చిన్న సామాజిక మాధ్యమం కూడా, అంత వ్యవస్థ నడిపే వనరులు తమకు లేవని చెప్పి, రాష్ట్రమంతటికీ సేవ ఆపేసింది. అది అశ్లీల సైటు కాదు. పెద్ద కంపెనీ జరిమానాను ఖర్చుల ఖాతాలో రాసుకుంటుంది, చిన్నది దుకాణం ఎత్తేస్తుంది. దివ్య ఖుర్‌ఆన్ తెలుగు అనువాదాన్ని ఉచితంగా చదివించే సైటు, పోటీ పరీక్షల ప్రశ్నలు పెట్టే ఉపాధ్యాయుని సైటు, ఇటువంటి పత్రికల సైటు, ఇవన్నీ 200 కోట్ల మాట వినగానే ఏం చేస్తాయి? “పద్దెనిమిదేళ్ళ లోపువారికి ప్రవేశం లేదు” అని ఒక బోర్డు పెట్టి ఊరుకుంటాయి. రీల్స్ నడిపే కంపెనీ మాత్రం వందమంది వకీళ్ళను పెట్టుకుని నడుస్తూనే ఉంటుంది.

కాగితం అడగని కంపెనీలు ఊహిస్తున్నాయి. అమెరికాలో యూట్యూబ్ 2025 ఆగస్టు నుండి, మనిషి ఏ వీడియోలు చూస్తున్నాడో, ఖాతా ఎంత పాతదో చూసి యంత్రంతో వయసు అంచనా వేయించడం మొదలుపెట్టింది. పిల్లల మీద నిఘా పెట్టరాదని మన చట్టం 9వ సెక్షన్‌లోనే ఉంది. నిఘా పెట్టకుండా ఈ అంచనా ఎలా కడతారు? మరికొందరు ముఖం చూపమంటారు. అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ 2024లో ఆరు కంపెనీల ముఖ పరీక్షలను పరిశీలిస్తే, ఆడవారి ముఖాల విషయంలో పొరపాట్లు దాదాపు ప్రతిసారీ ఎక్కువగానే తేలాయి. పర్దాలో పెరిగిన ఆడపిల్లను ముఖం తిప్పు, దగ్గరకు రా, కళ్ళు ఆర్పు అని యంత్రం ఆజ్ఞాపించడం మన ఇళ్ళలో ఎలా ఉంటుందో నేను వివరించనక్కరలేదు.

అలా ఇచ్చిన కాగితాలు ఎక్కడికి పోతాయి? 2025 అక్టోబరులో డిస్కార్డ్ అనే కంపెనీ ఒక ప్రకటన చేసింది. తమ తరఫున పనిచేసే మరో సంస్థ దగ్గర దొంగలు పడ్డారని, సుమారు 70,000 మంది వినియోగదారుల ప్రభుత్వ గుర్తింపు కార్డుల ఫొటోలు వారి చేతికి చిక్కి ఉండవచ్చని దాని సారాంశం. ఆ ఫొటోలు తీసుకున్నది దేనికో తెలుసా? వయసు విషయంలో అభ్యంతరాలను పరిశీలించడానికి. పిల్లలను కాపాడుతామని తీసుకున్న కార్డులే దొంగల పాలయ్యాయి.

మిగిలినవారికి ఇది డబ్బు పోయే భయం. మనకు మరొకటి కూడా ఉంది. మన పేరే మన మతం. పేరు, ముఖం, ఇంటి చిరునామా, పిల్లల వయసు, ఏ సైటు చూశారన్న సంగతి ఒకేచోట చేరితే అది ఓటర్ల జాబితా కన్నా ప్రమాదకరమైన జాబితా. డేటా ఉన్న ఏ కంపెనీ నుండైనా సమాచారం రప్పించుకునే అధికారాన్ని కేంద్ర ప్రభుత్వానికి ఈ చట్టం 36వ సెక్షన్ ఇచ్చింది. తాను కోరిన ప్రభుత్వ సంస్థలకు చట్టం నుండే మినహాయింపు ఇచ్చే అధికారం 17వ సెక్షన్‌లో ఉంది. మన కాగితాలకు తలుపు తీసిన ఈ చట్టమే, 44వ సెక్షన్‌తో సమాచార హక్కు చట్టాన్ని సవరించి అధికారుల కాగితాలకు తలుపు వేసింది. ఆ సంగతి ఇక్కడితో వదిలేస్తాను, అది వేరే వ్యాసం. 2019–20 చలికాలంలో తాతల జనన పత్రాల కోసం మన వాళ్ళు కార్యాలయాల చుట్టూ తిరిగిన రోజులు నాకింకా జ్ఞాపకం ఉన్నాయి. ఆ భయం తీరకముందే కాగితాల కట్టను మనమే చేతులారా కంపెనీల చేతిలో పెడతామా? అమానత్ అంటే తెలిసిన సముదాయం మనది. తజస్సుస్, అంటే ఇతరుల రహస్యాలు కూపీ తీయడం, నిషిద్ధమని సూరా హుజురాత్ 12వ ఆయత్ ద్వారా నేర్చుకున్నాం. అమానత్‌ను కాపాడగలడని నమ్మకం లేనివాని దగ్గర సొత్తు పెట్టడం ఏ పెద్దమనిషి చేయడు.

మరి మన ఆడబిడ్డలకు నెట్‌లో ఎదురైన అతి పెద్ద అవమానం ఏది? 2021 జూలైలో సుల్లీ డీల్స్, 2022 జనవరి 1న బుల్లీ బాయ్. నూరుమందికి పైగా ముస్లిం స్త్రీల ఫొటోలు పెట్టి వేలం పాట సాగించారు. బుల్లీ బాయ్ కేసులో పట్టుబడినవారిలో పద్దెనిమిదేళ్ళ యువతి, ఇరవై ఒక్క ఏళ్ళ ఇంజనీరింగ్ విద్యార్థి ఉన్నారు. వయసు తాళం వారికి మర్యాదగా తెరుచుకునేది. విద్వేషానికి వయోపరిమితి లేదు. పద్నాలుగేళ్ళ పిల్లవాడి ఫోన్‌లోకి విద్వేషపు వీడియోను తోసేది పద్నాలుగేళ్ళవాడు కాదు, ఎంత కోపం తెప్పిస్తే అంత లాభం వచ్చే యంత్రాంగం. దాన్ని ముట్టుకోకుండా తల్లి ఆధార్‌ను అడగడం, దొంగను వదిలి ఇంటివాళ్ళ జేబులు వెతకడమే.

రాష్ట్ర చట్టం వస్తే అన్నీ సర్దుకుంటాయనే మిత్రులకు తిరువూరు వాసిగా ఒక మాట. మనకు కొద్ది కిలోమీటర్లలో ఖమ్మం జిల్లా. మన పొలాల్లో నిలబడితే ఫోన్ ఒకసారి ఆంధ్ర టవర్, ఒకసారి తెలంగాణ టవర్ పట్టుకుంటుంది. మామిడికాయల లారీకి సరిహద్దులో చెక్‌పోస్టు పెట్టవచ్చు, వీడియోకు పెట్టలేరు. పైగా టెలిఫోన్లు, ప్రసార సాధనాలు రాజ్యాంగంలో కేంద్ర జాబితాలోని అంశాలు. అమరావతి చేసే చట్టం చివరకు ఢిల్లీ గడప దగ్గర నిలబడక తప్పదు.

“అయితే పిల్లలను గాలికి వదిలేద్దామా?” అని ఆ యువకుడు అడిగిన రెండో ప్రశ్న. వద్దు. అందరూ పొగుడుతున్న ఆస్ట్రేలియా చట్టాన్నే పూర్తిగా చదువుదాం. 2025 డిసెంబరు 10న అమలులోకి వచ్చిన ఆ చట్టంలో భారం మొత్తం కంపెనీల మీదే ఉంది. బిడ్డకు గానీ తల్లిదండ్రులకు గానీ శిక్ష లేదు. ప్రభుత్వ గుర్తింపు కార్డు ఒక్కటే దారి అనరాదు, మరో దారి చూపాలి. వయసు కోసం తీసుకున్న సమాచారాన్ని పని అయ్యాక నాశనం చేయాలి. మన చట్టంలోనో, మరొకరి పేరుతో సమాచారం ఇచ్చినవారికి 10,000 రూపాయల వరకు జరిమానా ఉంది. అక్క వివరాలతో ఖాతా తెరిచిన పిల్ల కూడా ఆ మాట కిందికి రావచ్చు. ఐరోపా సమాఖ్య 2025 జూలైలో ఒక యాప్ నమూనా బయటపెట్టింది. అది సైటుకు పేరు చెప్పదు, పుట్టిన తేదీ చెప్పదు, “పద్దెనిమిది నిండాయి” అన్న ఒక్క మాటే చెబుతుంది. చేయదలిస్తే దారులున్నాయి. మన నియమాలలోని టోకెన్ కూడా అలాంటిది కాగలదు, అవును–కాదు తప్ప మరేదీ చెప్పదని రాతపూర్వకంగా హామీ ఇస్తే.

అందుకే తీర్మానాన్ని చించేయాలని నేను అనలేదు, తిరగరాయాలని అన్నాను. పిల్లలకు ప్రకటనలు గురిపెట్టరాదు, వారి వెంట నిఘా పెట్టరాదు అని 9వ సెక్షన్‌లోనే ఉన్న మాటను ముందు అమలు చేయమని అడగాలి. అందరికీ నిఘా ఆపేస్తే ఎవరి వయసూ అడగనక్కరలేదు. ఏ ఆడపిల్లా ముఖం చూపనక్కరలేదు. భద్రంగా నడిచే సేవలకు పద్దెనిమిది కన్నా తక్కువ వయసును నిర్ణయించే అధికారం అదే సెక్షన్ కేంద్రానికి ఇచ్చింది. పాఠాలు, ఆరోగ్యం, ఉద్యోగ సమాచారం చూపే సైట్లకు దాన్ని వెంటనే వాడమనాలి. సమ్మతి తప్పదన్న చోట తల్లి వార్డు సచివాలయానికి స్వయంగా వచ్చి, తెలుగులోనో ఉర్దూలోనో చదివించుకుని, పైసా ఖర్చు లేకుండా ఇచ్చే ఏర్పాటు ఉండాలి. మన రాష్ట్రంలో ఉర్దూ రెండో అధికార భాష అని 2022లో చట్టం చేశారు కదా, దానికి ఇలాంటి పనైనా ఒకటి దొరుకుతుంది. పేరులో అక్షరం తేడా ఉందన్న కారణంతో ఏ బిడ్డనూ ఆపరాదు. పదివేల జరిమానా నుండి పిల్లలను, తల్లిదండ్రులను తప్పించాలి.

మన వంతు పని కూడా ఉంది. ఫోన్ ఎప్పుడు ఇవ్వాలో, ఎప్పుడు తీసి పెట్టాలో ఇంట్లో కూర్చుని తేల్చుకోవలసినది మనం. పిల్లవాడు రాత్రి రెండింటి దాకా మేలుకుంటే తండ్రి ఎన్ని గంటల దాకా మేలుకున్నాడో కూడా లెక్కలోకి వస్తుంది. మా వరండాలో తీర్మానం మీద సంతకం పెట్టినవారిలో ఇద్దరి జేబుల్లో ఫోన్లు ఖుత్బా మధ్యలో మోగాయి. కోపగించుకోవద్దు, ఒకటి నాదే.

తిరగరాసిన తీర్మానం రెండు పేజీలు అయింది. మొన్నటి జుమా నాడు దాన్ని మళ్ళీ చదివాను. ముగ్గురు సంతకం పెట్టారు. మిగిలినవారు ఇంటికి తీసుకెళ్ళి చదువుతామన్నారు, ఆ యువకుడు జిరాక్స్ కాపీలు తీయించాడు. బట్టలు కుట్టే ఆ తల్లి తన కూతురితో చదివించుకుని, సచివాలయం గురించిన వాక్యం కింద గీత గీయించి పంపింది. రంజాన్ మొదటి జుమాకు మళ్ళీ కూర్చుంటాం. ఇతర ఊళ్ళ కమిటీలు ఈ అంశంపై ఏమనుకుంటున్నాయో ఈ పత్రికకు రాస్తే, 2027 మే నెల రాకముందే అందరి మాటా కలిపి కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ మంత్రిత్వ శాఖకు పంపే వీలుంటుంది.